పూలయిపోయాక గ్లోక్సీనియా ఆకులు పండిపోతుంటే ఏం చేయాలి?

మీ ప్రశ్నలో నాలుగు సంగతులున్నాయి. నిండా పూలతో ఇంటికొచ్చిన గ్లోక్సీనియా నెలన్నర పూసి ఆగిపోయింది, ఇప్పుడు ఆకులు పసుపుపచ్చగా మారి వేలాడుతున్నాయి, నీళ్ళు పెంచినా తేరుకోవడం లేదు, చచ్చిపోయిందా అని మొదటిది. చివర్లో వచ్చిన మొగ్గలు విచ్చుకోకుండానే ఎందుకు మాడిపోయాయని రెండోది. మళ్ళీ పూయించడం ఎలా అని మూడోది. ఇంట్లో పిల్లి ఉంది, దానికేమైనా ప్రమాదమా అని నాలుగోది.

ముందు నీళ్ళు ఆపేయండి. మిగతావన్నీ తర్వాత.

గ్లోక్సీనియా ఆకులు వాలిపోగానే అందరూ చేసే పనే మీరూ చేశారు, ఇంకాస్త నీళ్ళు పోశారు. ఈ మొక్కకు మాత్రం ఆ సమయంలో అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఆకులు తగ్గుతున్నాయంటే నీళ్ళు తాగే శక్తి తగ్గుతోందని. తాగని నీళ్ళు మట్టిలోనే నిలిచి, కింద ఉండే దుంపను కుళ్ళబెడతాయి. ఈ మొక్క విషయంలో నేను పాటించే నియమం ఒక్కటే: నీళ్ళు ఆకులను చూసి పోయాలి, క్యాలెండర్ చూసి కాదు. ఆకులు పెరుగుతుంటే పెంచాలి, ఆకులు పోతుంటే తగ్గించాలి, ఆకులే లేకపోతే దాదాపు మానేయాలి.

ఇప్పుడు మొక్క బతికుందో లేదో చూద్దాం. కాండం మొదట్లో మట్టిని వేలితో కొంచెం పక్కకు తీయండి. దుంప పైభాగం కనిపిస్తుంది, గోధుమరంగులో, కాస్త గరుకుగా, పైన చిన్న గుంటలా ఉంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కండి. పచ్చి బంగాళాదుంపలా గట్టిగా ఉంటే మొక్క బతికే ఉంది, నిద్రకు, అంటే ఆకులు వదిలేసి దుంపగా విశ్రాంతి తీసుకోవడానికి, సిద్ధమవుతోంది. వేలు లోపలికి దిగిపోతే, తడితడిగా ఉండి వాసన వస్తే కుళ్ళు మొదలైనట్టు. ఇంకా అనుమానంగా ఉంటే ఆకులను గమనించండి. నిద్రకు పోయే మొక్కలో కింది ఆకులు ముందు పండి, క్రమంగా ఎండి, పెళుసుగా విరుగుతాయి. కాండం మొదలు గట్టిగానే ఉంటుంది. కుళ్ళిన మొక్కలో మట్టి తడిగా ఉండగానే ఆకులన్నీ ఒకేసారి వడలిపోతాయి, కాండం మొదట్లో నల్లగా మెత్తబడుతుంది.

కుళ్ళు కొంచెమే ఉంటే ఆశ వదులుకోవాల్సిన పని లేదు. దుంపను పూర్తిగా బయటికి తీసి, మట్టి దులిపి, శుభ్రమైన కత్తితో మెత్తబడిన భాగాన్ని కోసేయండి. లోపల మచ్చలేని గట్టి కండ కనిపించేదాకా కోయాలి, మొహమాటపడకూడదు. కోసిన చోట గంధకం పొడి అద్ది, గాలి తగిలే నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. దాల్చినచెక్క పొడి చల్లితే చాలని చాలామంది చెబుతారు. చల్లితే చల్లండి, నా దృష్టిలో మాత్రం దుంపను కాపాడేది ఆరబెట్టడమే. తర్వాత కొద్దిపాటి చెమ్మ మాత్రమే ఉన్న కొత్త మట్టి మిశ్రమంలో పెట్టి వదిలేయండి. పైభాగంలో మొలక వచ్చే కన్ను ఒక్కటి మిగిలినా మొలకెత్తే అవకాశం ఉంది.

మూడో అవకాశం కూడా ఒకటుంది, దీన్ని ఎక్కువమంది గమనించరు. పూలు అయిపోయాయి, ఆకులు కొంచెం నీరసంగా ఉన్నా పచ్చగానే ఉన్నాయి, కాండం మొదట్లో చిన్న కొత్త చిగురు కనిపిస్తోంది. అలాంటప్పుడు మొక్కను నిద్రపుచ్చాల్సిన అవసరమే లేదు. కింది జత ఆకులు ఉంచి పై కాండమంతా కత్తిరించేయండి. ఆ కొత్త చిగురు కాండమై, మంచి వెలుతురుంటే రెండు మూడు నెలల్లో మళ్ళీ మొగ్గ తొడుగుతుంది. గ్లోక్సీనియాకు ఏటా తప్పనిసరిగా విశ్రాంతి ఇవ్వాలన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. అది అడిగితే ఇవ్వాలి, అడగకపోతే బలవంతం చేయకూడదు. పచ్చగా ఉన్న మొక్కకు నీళ్ళు ఆపి బలవంతంగా ఎండగడితే దుంపలో చేరాల్సిన నిల్వ చేరదు.

అసలు ఈ నిద్ర ఎందుకో తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి. పూల దుకాణాల్లో గ్లోక్సీనియాగా అమ్మే మొక్క శాస్త్రీయనామం సిన్నింజియా స్పెసియోసా. ఆఫ్రికన్ వయొలెట్‌కు చుట్టం, ఇద్దరిదీ ఒకటే కుటుంబం. పుట్టిల్లు బ్రెజిల్. అక్కడి అడవుల్లో రాతి సందుల్లో, కొద్దిపాటి ఆకుమట్టిలో, చెట్ల నీడలో పెరుగుతుంది. వానలున్నన్నాళ్ళు ఆకులేసి పూస్తుంది. తడి తగ్గితే పైనున్నదంతా వదిలేసుకుని దుంపలో దాక్కుంటుంది. రాతి మీద నీళ్ళు నిలవవు, వేర్ల చుట్టూ ఎప్పుడూ గాలి ఆడుతుంది. కాబట్టి కుండీలో మనం ఇవ్వాల్సింది ఇంతే: తేలిక మట్టి, నిలవని నీళ్ళు, చెట్టు నీడలో దొరికేటంత వెలుతురు. సువాసన కోసం మాత్రం వెతక్కండి, ఈ పూలకు అది ఉండదు.

దుంప గట్టిగా ఉందనుకుందాం. ఆకులు పూర్తిగా ఎండేదాకా ఆగండి. పసుపు రంగుకు తిరుగుతున్న ఆకును తొందరపడి కోయకండి, అందులోని సత్తువ కిందికి దిగుతూ ఉంటుంది. ఎండి, తాకితే ఊడివచ్చే స్థితిలో తీసేయండి. కాండాన్ని మట్టికి రెండు సెంటీమీటర్ల ఎత్తులో కత్తిరించి, కుండీని అలాగే నీడలో, వీలైతే 12 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ ఉండే చోట పెట్టండి. అంత చల్లటి చోటు లేకపోయినా కంగారు లేదు, మామూలు గది వేడిలోనూ నిద్రపోతుంది, కాకపోతే కొంచెం ముందుగా లేస్తుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. 10 డిగ్రీల కంటే తగ్గితే దుంప దెబ్బతినొచ్చు. కుండీలోనే ఉంచడం నాకిష్టం. చోటు లేకపోతే దుంపను తీసి, పొడిపొడిగా ఉన్న కొబ్బరిపొట్టులో కప్పి, చిల్లులున్న ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవచ్చు.

నిద్రలో దుంప ఎండి ముడతలు పడటం కూడా ప్రమాదమే, ముఖ్యంగా చిన్న దుంపలకు. అందుకని మూడు వారాలకోసారి కుండీ అంచు వెంబడి రెండు మూడు చెంచాల నీళ్ళు పోయండి. మట్టి తడవకూడదు, పూర్తిగా దుమ్ము కూడా కాకూడదు. ఇలా రెండు నుంచి నాలుగు నెలలు. నెలకోసారి దుంపను నొక్కి చూడటం మంచి అలవాటు. నాలుగైదు నెలలు దాటినా కదలిక లేకపోతే కుండీని 22 నుంచి 25 డిగ్రీల వెచ్చదనంలోకి మార్చి, మట్టిని లేతగా తడిపి చూడండి. దుంప గట్టిగా ఉన్నంతకాలం పారేయకండి, కొన్ని దుంపలు ఇంకా ఆలస్యంగానూ లేస్తాయి.

లేచేటప్పుడు దుంప పైన నూగుతో ఉన్న చిన్న మొలక కనిపిస్తుంది. మట్టి మార్చడానికి అదే సరైన సమయం. పాత మట్టి తీసేసి, ఎండిన వేర్లు దులిపి, కొత్త మిశ్రమంలో పెట్టండి. నేను వాడేది రెండు వంతుల కొబ్బరిపొట్టు, ఒక వంతు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలిక గుళికలు), ఒక వంతు బాగా మాగిన వర్మీకంపోస్ట్. కొబ్బరిపొట్టును రెండు మూడుసార్లు కడిగి పిండాలి, లేకపోతే అందులోని ఉప్పు లేత వేర్లను మాడుస్తుంది. తోటమట్టి వద్దు, కుండీలో అది బిగుసుకుపోతుంది.

కుండీ లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉంటే మంచిది. దుంప చుట్టూ మూడు వేళ్ళ ఖాళీ చాలు. పెద్ద కుండీ పెడితే పెద్ద మొక్క వస్తుందనుకోవడం ఈ మొక్క దగ్గర చెల్లదు, వేర్లు అందుకోలేని మట్టి తడిగా ఉండిపోయి కుళ్ళు తెస్తుంది. గుంటలా ఉన్న వైపు పైకి రావాలి, గుండ్రటి వైపు కిందికి. పైన ఒక సెంటీమీటరు మించకుండా మట్టి కప్పండి. గుంటలో నీళ్ళు నిలవకుండా చూడండి, కుళ్ళు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

మొలకలు మూడు నాలుగు వస్తే సంతోషపడి అన్నీ ఉంచకండి. బలమైనది ఒకటి, దుంప మరీ పెద్దదైతే రెండు, అంతే. అన్నీ ఉంచితే ఆకులు ఒకదానిమీద ఒకటి పడి, గాలి ఆడక, పూలు చిన్నవవుతాయి. తీసేసిన మొలక మూడు నాలుగు సెంటీమీటర్లుంటే చెమ్మగా ఉన్న కొబ్బరిపొట్టులో గుచ్చి పైన పారదర్శకమైన డబ్బా బోర్లించండి, అదీ వేరు పట్టి కొత్త మొక్క అవుతుంది. మొలక దశలో నీళ్ళు చాలా పొదుపుగా పోయాలి, ఎందుకంటే దుంపకు ఇంకా వేర్లు లేవు. ఆకులు వెడల్పయ్యేకొద్దీ పెంచండి.

పెరిగే కాలంలో పై మట్టి వేలికి పొడిగా తగిలినప్పుడు నిండుగా నీళ్ళు పోసి, అడుగు నుంచి కారినవి పారబోయండి. లేదా పళ్ళెంలో నీళ్ళు పోసి కుండీని అరగంట అందులో ఉంచి తీసేయండి. ఆకుల మీద పడకుండా పోయడానికి ఇది తేలిక పద్ధతి. నీళ్ళు గది వేడిలో ఉండాలి. చల్లటి నీళ్ళు ఈ వెల్వెట్ ఆకుల మీద పడితే అక్కడి కణాలు దెబ్బతిని తెల్లటి, లేత పసుపు మచ్చలు మిగులుతాయి. వాటిని చూసి తెగులనుకుని మందులు కొట్టేవాళ్ళున్నారు. అది తెగులు కాదు, ఆ మచ్చలు పోవు కూడా. కొత్త ఆకులు శుభ్రంగా వస్తే చాలు.

వెలుతురు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. పొద్దుటి లేత ఎండ గంటో రెండు గంటలో పడి, మిగతా రోజంతా ప్రకాశంగా ఉండే కిటికీ బాగుంటుంది. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే ఆకులు మాడతాయి. మీ చోటు సరిపోతుందో లేదో మొక్కే చెబుతుంది. ఆకుల కాడలు సాగి, ఆకులు పైకి లేచి, కాండం పొడుగ్గా వంగుతుంటే వెలుతురు చాలడం లేదు. ఆకులు కుండీ అంచుల మీదికి బిగుతుగా వంగి, రంగు వెలిసిపోతుంటే ఎక్కువైంది. సరైన కిటికీ లేనివాళ్ళు నిరుత్సాహపడక్కర్లేదు. మామూలు తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్‌ను మొక్కకు 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో బిగించి రోజుకు 14 గంటలు వెలిగిస్తే చక్కగా పూస్తుంది. మొక్కల కోసమే అమ్మే ఊదారంగు గ్రో లైటే కావాలన్న నియమం లేదు. కిటికీ మొక్కనైతే వారానికోసారి కుండీని పావు చుట్టు తిప్పండి, లేకపోతే ఒక పక్కకే ఒరుగుతుంది.

ఎరువు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నీళ్ళలో కరిగే సమతుల ఎరువును డబ్బా మీద రాసినదానిలో సగం మోతాదుకు పలచన చేసి రెండు వారాలకోసారి, తడిసిన మట్టి మీదే పోయండి. నత్రజని ఎక్కువున్నది వాడితే ఆకులు పళ్ళేలంత అవుతాయి, పూలు రావు. నిద్రలో ఎరువు అసలు వద్దు.

ఇక మాడిపోయిన మొగ్గల సంగతి. ఇది ఒక్క కారణంతో జరగదు, అందుకే ఒక్క మాటలో జవాబు దొరకదు. మొక్కను పెంచిన చోట గాలిలో తేమ ఎక్కువ, వెలుతురు నిండుగా ఉంటుంది. ఆ బలంతో అది మొగ్గలు తొడుగుతుంది. ఇంటికొచ్చాక అంత వెలుతురు దొరకదు, అన్ని మొగ్గలనూ మోయలేక చిన్నవాటిని వదిలేస్తుంది. ఇది మామూలే. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా తగిలినా, మట్టి ఒకసారి పూర్తిగా ఎండిపోయి మళ్ళీ తడిసినా మొగ్గలు మాడతాయి. మీ విషయంలో ఇంకోటి కూడా తోడయిందనుకుంటున్నాను. నీళ్ళు ఎక్కువై వేర్లు పాడైతే, చుట్టూ నీళ్ళున్నా మొక్కకు అందవు. మొగ్గలకు అది కరువుతో సమానం.

తేమ కోసం ఆకుల మీద నీళ్ళు చిలకరించమని సలహాలు వస్తాయి. చేయకండి. నూగు ఆకుల మీద తడి నిలిస్తే బూజు వస్తుంది. గులకరాళ్ళ పళ్ళెంలో నీళ్ళు పోసి, కుండీ అడుగు నీళ్ళకు తగలకుండా రాళ్ళ మీద పెట్టడం, మొక్కలను దగ్గరదగ్గరగా ఉంచడం కొంత ఉపయోగపడతాయి. గాలి మరీ పొడిగా ఉండే ఇళ్ళలో వీటితో పెద్ద తేడా కనబడదు, అక్కడ గాలిలో తేమ పెంచే యంత్రం, హ్యూమిడిఫయర్, పెట్టుకోవడమే మార్గం.

మొగ్గలు మాడటానికి ఇంకో కారణం తామర పురుగులు. ఈసారి పూసినప్పుడు ఇది తప్పక పరీక్షించండి. పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే గీతల్లాంటి సన్నటి పురుగులు పాకుతూ కనిపిస్తాయి. పూరేకుల మీద పుప్పొడి రాలి చెల్లాచెదురుగా ఉన్నా అనుమానించాల్సిందే. దొరికితే పూలు, మొగ్గలు అన్నీ తుంచి, సంచిలో మూట కట్టి పారేయండి. వాటి తిండీ, గూడూ అవే. మనసొప్పకపోయినా ఈ పని చేయకుండా ఏ మందు కొట్టినా సగమే ఫలితం. తర్వాత స్పైనోసాడ్ ఉన్న పురుగుమందును డబ్బా మీద చెప్పిన మోతాదులో, సాయంత్రం పూట, వారం పది రోజుల తేడాతో వాడొచ్చు. వేపనూనె ఈ ఆకుల మీద జిడ్డు మచ్చలు మిగులుస్తుంది. వాడాలనుకుంటే ముందు ఒక ఆకు మీద చూసుకోండి, ఎండ తగిలేటప్పుడు మాత్రం కొట్టకండి. తామర పురుగులతో వైరస్ కూడా వ్యాపిస్తుంది. ఆకుల మీద గోధుమరంగు వలయాలు, ఈనెల వెంబడి మాడిన గీతలు కనిపిస్తే దానికి మందు లేదు, మొక్కను దుంపతో సహా పారేయాల్సిందే. నడిమి లేతాకులు గట్టిపడి, మెలితిరిగి, ముద్దలా అవుతుంటే అది కంటికి కనిపించని నల్లి. ఇంట్లో ఇతర మొక్కలుంటే అలాంటి మొక్కనూ వదిలించుకోవడమే తెలివైన పని. దుంప బయటికి తీసినప్పుడు తెల్లటి దూదిలా పిండినల్లి అంటుకుని ఉంటే, మట్టి మొత్తం పారేసి, దుంపను మెత్తటి బ్రష్‌తో సబ్బునీళ్ళలో కడిగి ఆరబెడితే సరిపోతుంది.

మీ దుంప వేరుశనగ గింజంత చిన్నగా ఉంటే ఆశ్చర్యపోకండి. ఇప్పుడు అమ్మే ముద్దపూల హైబ్రిడ్లను చాలావరకు విత్తనం నుంచి ఐదారు నెలల్లో పూయించి అమ్మేస్తారు, దుంప ఊరడానికి వాటికి సమయం ఉండదు. ఒకసారి పూశాక పారేసే మొక్కలని వాటికి పేరు పడటానికి కారణం ఇదే. చిన్న దుంపైనా ఒక పెరుగుదల కాలం సక్రమంగా దాటితే గట్టిపడుతుంది, ఆ తర్వాత ఏటా పెద్దదవుతూ పోతుంది. ఇది పక్కన పిల్లదుంపలు పెట్టే రకం కాదు, ఒకే దుంప ఊరుతుంది.

అందుకే ఒక మొక్క నుంచి మరిన్ని మొక్కలు చేసుకోవాలంటే ఆకును నాటడం నయం. ఎదిగిన ఆకును రెండు మూడు సెంటీమీటర్ల కాడతో కోసి, చెమ్మగా ఉన్న కొబ్బరిపొట్టు, పెర్లైట్ మిశ్రమంలో గుచ్చి, పైన పారదర్శకమైన మూత పెట్టండి. కొన్ని వారాలకు కాడ చివర బఠాణీ గింజంత దుంప కడుతుంది. ఆ ఆకు ఎండిపోగానే చాలామంది విఫలమైందనుకుని కుండీ ఖాళీ చేసేస్తారు. తవ్వి చూడండి, దుంప లోపలే ఉంటుంది. ఇలా వచ్చినవి తల్లి రంగులోనే పూస్తాయి. విత్తనాలతో అది గ్యారంటీ లేదు, సరదా మాత్రం అందులోనే ఎక్కువ. అడవి గ్లోక్సీనియా పూలు తలవంచుకుని ఉంటాయి. పైకి చూసే గంట ఆకారపు పూలు 1845లో జాన్ ఫైఫ్ అనే స్కాట్లండ్ తోటమాలి పెంచిన నారులో బయటపడ్డాయి. దుమ్ములా ఉండే విత్తనాలను మట్టి మీద చల్లి వదిలేయాలి, కప్పకూడదు, మొలకెత్తడానికి వాటికి వెలుతురు కావాలి.

పిల్లి సంగతి. సిన్నింజియా స్పెసియోసా పిల్లులకూ కుక్కలకూ విషం కాదు. ఆకు కొరికినా భయం లేదు, మహా అయితే వాంతి చేసుకోవచ్చు. కాకపోతే గ్లోరియోసా అనే ఇంకో దుంప మొక్క ఉంది, అగ్నిశిఖ అంటారు, పేర్లు దగ్గరగా వినిపిస్తాయి. దాని దుంపలో కొల్చిసిన్ అనే విషం ఉంటుంది, మనుషులకూ జంతువులకూ ప్రాణాంతకం. కొనేటప్పుడు పేరు సరిచూసుకోండి. మీ గ్లోక్సీనియా విషయంలో పిల్లి వల్ల మొక్కకే ప్రమాదం ఎక్కువ, ఆ ఆకులు తేలిగ్గా విరిగిపోతాయి. నిద్రలో ఉన్న కుండీలోని పొడి మట్టిని అది తవ్వకుండా పైన ఒక జల్లెడ మూత పెట్టి ఉంచండి.